ఆ ఇంటి తలుపు తట్టేదెవరు?



సాధారణంగా ఇక్కడ మధుమేహం, రక్తపోటు, మోకాళ్ల నొప్పుల గురించి వ్రాస్తుంటాను. ఈ సారి ప్రార్థన గురించి, కరుణ గురించి వ్రాయదలచాను. నేను వేదాంతిని కాను, గురువును కాను. ఆదివారం పూజకు వెళ్లే ఒక సాధారణ కతోలికుడిని, ప్రభుత్వాసుపత్రులలో జీవితకాలం పనిచేసిన వైద్యుడిని. మీరు ఏ మతానికి చెందినవారైనా ఈ విషయం మీ వీధిలోనిదే కనుక ఓపికతో చదవమని కోరుతున్నాను.

ఒక ఇంట్లో గుండెపోటుతో ఎవరైనా మరణిస్తే ఏమి జరుగుతుందో మీకు తెలుసు. విచారణ గురువులు వస్తారు. సాయంత్రం జపమాలకు వీధి అంతా చేరుతుంది. పొయ్యి వెలగని ఆ ఇంటికి పక్కింటి నుంచి అన్నం, చారు వస్తాయి. అదే ఇంట్లో ఇరవై ఏళ్ల బిడ్డ తన ప్రాణం తానే తీసుకొంటే దృశ్యం మారిపోతుంది. వచ్చినవారు గుమ్మం దగ్గరే ఆగి గుసగుసలాడుకొంటారు. ఖననం తొందరగా ముగుస్తుంది. ముప్పయ్యవ రోజు పూజ ఎప్పుడని ఎవరూ అడగరు. ప్రయత్నం చేసి బ్రతికి ఇల్లు చేరినవారి సంగతి ఇంకా కష్టం. వారిని చూడడానికి వచ్చేవారే ఉండరు. వచ్చినా పరామర్శకు బదులు విచారణ జరుగుతుంది.

మా శ్రీసభ చట్టంలో ఒకప్పుడు ఈ కాఠిన్యానికి ఆధారం ఉండేది. 1917 నాటి ధర్మశాస్త్రం బుద్ధిపూర్వకంగా ప్రాణం తీసుకొన్నవారికి శ్రీసభ అంత్యక్రియలను నిరాకరించింది. 1983లో వచ్చిన కొత్త ధర్మశాస్త్రంలో ఆ నిషేధం లేదు. 1992 నాటి సత్యోపదేశ గ్రంథం మరింత ముందుకు వెళ్లింది. తీవ్రమైన మానసిక రుగ్మత, వేదన, భయం మనిషి బాధ్యతను తగ్గిస్తాయని, అటువంటివారి రక్షణ విషయంలో నిరాశ చెందరాదని, వారి కొరకు శ్రీసభ ప్రార్థిస్తుందని స్పష్టంగా చెప్పింది. అంతకు చాలా పూర్వమే, పందొమ్మిదవ శతాబ్దంలో, ఫ్రాన్సు దేశపు ఆర్స్ గ్రామ గురువు పునీత జాన్ మరియ వియాన్నీ, నదిలో దూకి చనిపోయిన ఒకాయన భార్యను ఓదారుస్తూ, వంతెనకూ నీటికీ మధ్య అతనికి పశ్చాత్తాపపడే క్షణం దొరికిందని చెప్పినట్లు ఒక కథనం ఉంది. అది మిగిలిపోయినవారి కన్నీరు తుడవడానికి చెప్పిన మాటే తప్ప, ఎవరికీ అనుమతి కాదు.

అంటే చట్టం మారి నలభై ఏళ్లు దాటింది. మన మనసులు మాత్రం 1917లోనే ఉన్నాయి.

దేశపు చట్టమూ ఇదే దారిలో నడిచింది. భారత శిక్షాస్మృతి 309వ సెక్షను ప్రకారం ప్రయత్నించి బ్రతికినవారికి ఏడాది వరకు జైలుశిక్ష పడే అవకాశం ఉండేది. 2018 మే నెలలో అమలులోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, అటువంటి వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్లే భావించాలని, వారికి చికిత్స, పునరావాసం కల్పించే బాధ్యత ప్రభుత్వానిదని చెప్పింది. 2024 జూలై 1న అమలైన భారతీయ న్యాయ సంహితలో ఆ పాత సెక్షనుకు చోటు లేదు. అయినా మన వార్తాపత్రికలు ఇంకా 'ఆత్మహత్యకు పాల్పడ్డాడు' అనే వ్రాస్తాయి. దొంగతనానికి పాల్పడ్డాడు, మోసానికి పాల్పడ్డాడు అన్న వరుసలోనే ఇదీ. గుండెపోటుకు ఎవరూ 'పాల్పడరు' కదా! భాషను సరిచేయడం డాక్టరు పని కాదంటారేమో. కానీ ఆ ఒక్క క్రియాపదానికి భయపడి, ఆసుపత్రిలో 'పొరపాటున మింగింది సార్' అని చెప్పే తల్లిదండ్రులను నేను ఎందరినో చూశాను. జరిగింది దాస్తే సరైన చికిత్స ఆలస్యమవుతుంది, మానసిక వైద్యుని వద్దకు పంపే అవకాశమూ పోతుంది.

ఇది ఎంత పెద్ద విషయమో అంకెలలో చెబుతాను. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022లో దేశంలో ఇలా మరణించినవారు 1,70,924 మంది. లక్ష జనాభాకు దేశపు సగటు 12.4 కాగా, మన తెలంగాణలో అది రెట్టింపు కంటే ఎక్కువ. అప్పులు, మద్యం, గృహహింస, దీర్ఘరోగాలు, డిప్రెషన్, పరీక్షలు: కారణం ఒక్కటే అని చెప్పేవారి మాట నమ్మకండి.

2019 మీకు గుర్తుండే ఉంటుంది. ఆ సంవత్సరం తెలంగాణ ఇంటర్మీడియెట్ ఫలితాలు ఏప్రిల్ 18న వెలువడ్డాయి. మూడు లక్షలకు పైగా పిల్లలు తప్పారు. మార్కుల నమోదులో పొరపాట్లు బయటపడ్డాయి. ఉచితంగా పునఃపరిశీలన జరిపితే వెయ్యి మందికి పైగా ఉత్తీర్ణులని తేలింది. ఈలోగా ఇరవై మందికి పైగా పిల్లలు మనకు దక్కకుండా పోయారు. కతోలికుల క్యాలెండరులో ఆ ఏప్రిల్ 18 పవిత్ర గురువారం. తాను వేదనపడిన రాత్రి తనతో మేలుకొని ఉండమని ప్రభువు మిత్రులను వేడుకొన్నదానిని తలచుకొని మేము గుడిలో మోకరించే రాత్రి అది. పది రోజులకు, ఏప్రిల్ 28న, దైవ కరుణ ఆదివారం వచ్చింది. 2000 సంవత్సరంలో రెండవ జాన్ పాల్ పాపుగారు శ్రీసభ అంతటికీ ఇచ్చిన పండుగ అది. గుడిలో మేలుకొని ఉండడం మాకు అలవాటే. మార్కుల జాబితా చేతిలో పెట్టుకొని మేలుకొని ఉన్న పిల్లల పక్కన కూర్చోవడమే మేము నేర్చుకోవలసినది.

ప్రార్థన వద్దంటున్నానని అనుకోకండి. నేనూ జపమాల చెప్పుకొంటాను. కానీ డిప్రెషన్‌తో ఉన్నవారితో 'నీకు విశ్వాసం చాలదు' అనడం ప్రార్థన కాదు, గాయం మీద కారం. ఆ జబ్బుకు మందులున్నాయి. అవి పనిచేయడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు లేదా అంతకంటే ఎక్కువ పడుతుంది. కాబట్టి వారం రోజులకే మానేయకూడదు, కాస్త కుదుటపడగానే డాక్టరును అడగకుండా ఆపకూడదు. అభిషేక తైలమూ మాత్రా ఒకదానికొకటి పోటీ కావు.

ఇక ఈ వ్యాసానికి ప్రాణమైన మాట చెబుతాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన చెన్నైతో సహా ఐదు దేశాలలోని ఐదు చోట్ల ఒక అధ్యయనం చేయించింది. ఫలితాలు 2008లో వెలువడ్డాయి. ప్రాణం తీసుకోబోయి ఆసుపత్రికి చేరిన 1,867 మందిని రెండు భాగాలు చేశారు. సగం మందికి మామూలు చికిత్స. మిగిలిన సగం మందికి దానికి తోడు ఒక గంట విడిగా మాట్లాడి, ఇంటికి వెళ్లిన తరువాత ఒకటి, రెండు, నాలుగు, ఏడు, పదకొండు వారాలకు, ఆపై నాలుగు, ఆరు, పన్నెండు, పద్దెనిమిది నెలలకు ఫోను ద్వారానో స్వయంగానో పలకరించారు. తొమ్మిది పలకరింపులు, అంతే. పద్దెనిమిది నెలలకు చూస్తే, మామూలు చికిత్స మాత్రమే పొందినవారిలో అదే కారణంతో మరణించినవారు 2.2 శాతం, పలకరింపు దొరికినవారిలో 0.2 శాతం. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత మేలు చేసే వైద్యాలు నా వృత్తిజీవితంలో అరుదుగా చూశాను.

రోగులను దర్శించడం కారుణ్యక్రియలలో ఒకటని మేము చిన్నతనంలో సత్యోపదేశ తరగతిలో వల్లెవేశాం. విన్సెంట్ డి పాల్ సభ 1833లో పారిస్‌లో విద్యార్థులు మొదలుపెట్టిన నాటి నుంచి దాని ప్రధానమైన పని ఇంటింటికి వెళ్లి పలకరించడమే. మరియ సేన సభ్యులూ ఇద్దరిద్దరుగా ఇళ్లకు వెళ్తారు. మనుషులున్నారు, అలవాటుంది, వారం వారం సమావేశాలున్నాయి. 2008లో బసిలికా అయిన మన సికింద్రాబాదు సెయింట్ మేరీస్ మొదలుకొని చిన్న విచారణల వరకు, కొద్దిమందికి శిక్షణ ఇప్పించి ఆ తొమ్మిది తేదీలు డైరీలో వ్రాసుకొనే ఏర్పాటు ఎందుకు చేయకూడదు? వినడం ఎలాగో నేర్పే అనుభవజ్ఞులు మన ఊళ్లోనే ఉన్నారు. సింధీ కాలనీలోని రోష్ని సంస్థ 1997 నుంచి చేస్తున్నది ఆ పనే.

గోప్యత మాటేమిటని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. కుటుంబం ఒప్పుకొంటేనే వెళ్లాలి. విన్నది గుడి మెట్ల మీద చెప్పుకొనేవారిని పంపకూడదు. వెళ్లినవారు 'ఎందుకు చేశావు' అని అడగకూడదు, అమ్మానాన్నల కష్టాన్ని గుర్తుచేయకూడదు, నరకం ఊసెత్తకూడదు. 'మళ్లీ అటువంటి ఆలోచన వస్తున్నదా' అని నెమ్మదిగా అడగవచ్చు. అడిగితే ఆ ఆలోచన పుడుతుందనేది అపోహ. చాలామందికి అడిగినందుకే ఊపిరి తిరుగుతుంది. వస్తున్నదంటే ఒంటరిగా వదలకుండా ఆసుపత్రికి తీసుకొని వెళ్లండి. ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది. 14416 టెలీ మానస్ నంబరు. ఉచితం, రాత్రింబవళ్లు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఇంట్లో పురుగుమందులు, మిగిలిపోయిన మాత్రలు తాళం వేసి ఉంచండి. శ్రీలంక 1995 నుంచి అత్యంత విషపూరితమైన పురుగుమందులను వరుసగా నిషేధించింది. తరువాతి రెండు దశాబ్దాలలో అక్కడ ఈ మరణాల రేటు మూడింట రెండు వంతులకు పైగా తగ్గింది.

నవంబరు నెల వస్తున్నప్పుడు మా గుళ్లలో మృతుల పేర్లు వ్రాసి ఇవ్వమంటారు. తమ బిడ్డ పేరు ఇవ్వాలా వద్దా అని కాగితం పట్టుకొని తటపటాయించే తల్లి ప్రతి విచారణలోనూ ఉంటుంది. మీరు పక్కనుంటే ఆమెకు కలం అందించండి.