కుక్కరు కారుతోందా? బోల్టు మాత్రం బిగించకండి



పోయిన నెల వచ్చిన ఉత్తరాలలో ఒకటి చదివి నాకు భయం వేసింది. "అక్కయ్యగారూ, మా కుక్కరు మూత చుట్టూ నీళ్లు కారుతున్నాయి. విజిల్ రావడం లేదు. పప్పు ఉడకకముందే నీళ్లన్నీ స్టవ్వు మీద పడిపోతున్నాయి. సేఫ్టీ వాల్వు దగ్గర కూడా ఆవిరి పోతోంది. సంతలో స్టవ్వులు బాగుచేసే అతను ఆ వాల్వు తీసేసి బోల్టు బిగిస్తానంటున్నాడు, ఖర్చు తక్కువట. బిగించుకోమంటారా?" అని ఒక సహోదరి వ్రాసింది.

వద్దమ్మా. ముందు ఈ మాట చెప్పి, మిగతావి తరువాత వ్రాస్తాను.

విజిల్ లేచే సమయానికి కుక్కరు లోపల ఆవిరి ప్రతి చదరపు సెంటీమీటరు మీదా ఇంచుమించు ఒక కిలో బరువుతో నెడుతూ ఉంటుంది. 20 సెంటీమీటర్ల వెడల్పు మూత మీద లెక్క వేస్తే అది 300 కిలోలు దాటుతుంది. 75 కిలోల ధాన్యం బస్తాలు నాలుగు! అంత బలాన్ని మనం రోజూ పక్కన నిలబడి పప్పు ఉడకబెట్టుకోవడానికి వాడుకుంటున్నాము. విజిల్ కూర్చునే గొట్టం మూసుకుపోతే ఆ ఆవిరి బయటికి పోయే దారి సేఫ్టీ వాల్వు ఒక్కటే. దాని మధ్యలో త్వరగా కరిగే లోహం ఉంటుంది. వేడి హద్దు దాటగానే అది కరిగి ఆవిరిని వదిలేస్తుంది. బోల్టు కరగదు కదా.

మేము మునుపు ఉన్న ఊరిలో సంఘస్థురాలైన ఒక అక్క ఇంట్లో ఇలాగే బోల్టు బిగించారు. మూడు నెలలు బాగానే నడిచింది. ఒక ఆదివారం ఆరాధనకు వెళ్లే తొందరలో ఆమె కందిపప్పు, నీళ్లు మూతదాకా పోసి పెట్టింది. పప్పు పొట్టు వెళ్లి గొట్టానికి అడ్డుపడింది. "ఇంకా విజిల్ రాలేదే" అనుకుంటూనే, చిన్నపిల్ల జడ వేయమని ఏడుస్తుంటే అరుగు మీదికి వెళ్లింది. అంతలో పిడుగు పడ్డట్టు శబ్దం. మూత ఎగిరి ఇంటి పైకప్పు రేకుకు తగిలింది. రేకుకు పడిన సొట్ట నేను కళ్లారా చూశాను. ఆ పిల్ల ఏడవకపోతే తల్లి పొయ్యి దగ్గరే ఉండేది. దేవునికి స్తోత్రము.

ఇలాంటి ఆవిరిపాత్రను మొదట చేసినవాడు డెనీ పపాన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు. 1679లో లండనులో రాయల్ సొసైటీవారికి దానిని చూపించాడు. ఒత్తిడి ఎక్కువైతే తానే తెరుచుకునే వాల్వును దానికి అమర్చింది కూడా ఆయనే. ఆయన మనవలెనే ప్రొటెస్టెంటు. 1685లో ఫ్రాన్సు రాజు ప్రొటెస్టెంటుల హక్కులు రద్దుచేసిన తరువాత పరదేశాలలోనే బ్రతుకు గడిపాడు. ఆయన అంత ఆలోచించి పెట్టిన దారిని సంతలో ఒక బోల్టుతో మూయించుకోవడం ఏమి పని చెప్పండి!

ఇక నీరు కారడం సంగతి. ఎక్కడ కారుతోందో ముందు చూడండి. మూత అంచు చుట్టూ కారితే నూటికి తొంబై పాళ్లు గాస్కెట్టు, అనగా ఆ రబ్బరు రింగుదే తప్పు. దానిని తీసి కడగండి. మెతుకో, పప్పు బద్దో అంటుకుని ఉన్నా చాలు, ఆ సందులోంచి ఆవిరి నీరై కారుతుంది. కడిగినా కారితే వేళ్లతో వంచి చూడండి. గట్టిబడినా, పగుళ్లు కనబడినా, సాగి వదులైపోయినా క్రొత్తది కొనండి. కొందరు చన్నీళ్లలో వేసి బిగుసుకున్నాక వాడతారు. అది ఆ పూటకు మాత్రమే. కొనేటప్పుడు మీ కుక్కరు కంపెనీదే, మీ లీటర్ల సైజుదే అడగండి.

క్రొత్త రబ్బరు వేసినా కారుతోందా? అయితే గిన్నె అంచు మీద వేలు త్రిప్పి చూడండి. గరిటెకు అంటిన పప్పు రాలడానికి మనమందరము అంచు మీద టకటక కొడతాము. నేనూ కొట్టేదాన్నే. అలా పడిన చిన్న సొట్టలలోంచే ఆవిరి పోతుంది. మూత పిడి స్క్రూలు వదులైనా మూత సరిగా కూర్చోదు.

విజిల్ క్రింద నుండి గంజి, నురుగు చిమ్మితే అది కారడం కాదు, ఎక్కువ పోశామన్నమాట. పప్పు, బియ్యం సగానికి మించకుండా పెట్టి మంట తగ్గించండి. రోజూ మూత పెట్టేముందు గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి చూడండి. కన్నం కనబడకపోతే సన్నని తీగతో పొడవండి. ఆవిరి గొట్టంలోంచి ధారగా వచ్చిన తరువాతనే విజిల్ పెట్టండి. గిన్నె అడుగున గాని, పిడి మేకుల దగ్గర గాని నీరు ఊరుతుంటే ఎంసీలు పూయించకండి. ఆ గిన్నె పాతసామానుకే వెళ్లాలి.

క్రొత్త కుక్కరు కొంటే ఐ.ఎస్.ఐ. గుర్తు చూడండి. ఆ గుర్తు లేనివి అమ్మరాదన్న కేంద్ర ప్రభుత్వ ఉత్తర్వు 2021 ఫిబ్రవరి నుండి అమలులో ఉంది.

ఉత్తరం వ్రాసిన సహోదరీ, మీకు కావలసినవి రెండే: క్రొత్త గాస్కెట్టు, అదే కంపెనీ సేఫ్టీ వాల్వు. ఈలోపు పప్పును మామూలు గిన్నెలోనే ఉడకబెట్టుకోండి. రాత్రి నానబెడితే త్వరగానే ఉడుకుతుంది.