మన బాలికలును, వారి భావి వృత్తులును

పదవ తరగతి పరీక్షాఫలితములు వెలువడిన పిదప పాఠశాల కార్యాలయమునకు వచ్చు తలిదండ్రులు సామాన్యముగా రెండు తెగలుగా నుందురు. కొందఱు తమ కుమార్తెను ఇంజనీరింగునకో, వైద్యమునకో పంపవలెనని ముందుగనే నిశ్చయించుకొని వత్తురు. మఱికొందఱు "ఆడపిల్లకు ఏదో యొక డిగ్రీ చాలును గదా" యందురు. ఈ యిరుతెగల మాటలును పైకి భిన్నములుగా తోచును గాని లోన నొక్కటియే. రెంటియందును ఆ బాలిక నోరు విప్పుట లేదు.

బాలికలు చదువవచ్చునా యను ప్రశ్న మన దేశమున తీరిపోయినది. మన తరగతి గదులలోని బల్లలే అందుకు సాక్ష్యము. ఇప్పటి ప్రశ్న వేఱు. ఆ చదువు ఎవరి యిష్టము ననుసరించి సాగవలెను? ఎంతకాలము పనికి రావలెను? పట్టము పుచ్చుకొని, వివాహమైన పిమ్మట దానిని బీరువాలో భద్రపఱచిన కోడండ్రు మన యిరుగుపొరుగుల ఎందఱు లేరు? శాస్త్రము నభ్యసింపుడని బాలికలకు వార్షికోత్సవములలో నుపన్యసించుట సులభము. అది వారికి జీవనవృత్తిగా నిలుచునట్లు చూచుట కష్టము.

ఈ విషయమున శ్రీమతి అయ్యలసోమయాజుల లలితగారి చరిత్ర తెలుగువారందఱును తెలిసికొనదగినది. ఆమె 1919వ సంవత్సరమున మదరాసులో నొక తెలుగు కుటుంబమున జన్మించెను. తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ ఇంజనీరింగు కళాశాలలో విద్యుచ్ఛాస్త్రమునకు ఆచార్యులు. ఆనాటి యాచారము చొప్పున ఆమెకు పదునైదవ యేటనే వివాహమయ్యెను. 1937లో భర్త గతించెను. అప్పటికి ఆమెకు పదునెనిమిదేండ్లు. ఒడిలోని యాడుబిడ్డకు నాలుగు మాసములు.

అట్టి స్థితిలోని యువతికి ఆనాటి సంఘము ఏమి విధించుచుండెనో పెద్దలకు తెలియును. పిల్లలకై ఇచ్చట వర్ణింపను. లలితగారు క్వీన్ మేరీస్ కళాశాలలో చేరి ఇంటర్మీడియెటు పరీక్షయందు మొదటి తరగతిలో కృతార్థురాలయ్యెను. వైద్యవిద్య స్త్రీలకు అప్పటికే తెఱచియున్న ద్వారము. అయినను ఆమె దానిని కోరలేదు. వేళగాని వేళ పిలుపు వచ్చినయెడల పసిబిడ్డను విడిచి పోవలసి వచ్చునని ఆమె తలపోసెను. నియమితమైన వేళలు గల పని ఆమెకు కావలసియుండెను. అందుచే తండ్రియు సోదరులును అవలంబించిన ఇంజనీరు వృత్తినే ఎన్నుకొనెను. ఈ చరిత్రలో నాకు మిక్కిలి ప్రీతికరమైన భాగ మిదియే. గొప్ప ఆశయములనుగూర్చి మనము బాలికలకు తఱచుగా బోధింతుము గాని, ఒక తల్లి తన దినమును తానే లెక్క వేసికొని తన విద్యను తానే నిర్ణయించుకొనుటలో నున్న వివేకమును బోధింపము.

ఆ కళాశాలలో నప్పు డందఱును పురుషులే. సుబ్బారావుగారు ప్రధానాచార్యులైన చాకోగారితో మాటలాడి, ప్రభుత్వ విద్యాధికారి యనుమతిని సంపాదించిరి. కుమార్తె ఒంటరిగా నుండుట చూచి, స్త్రీలను చేర్చుకొనుచున్నామని ప్రకటన వెలువడునట్లుకూడ వారే చేసిరట. లీలమ్మ జార్జి, పి. కె. త్రేసియా అను మఱి యిద్దఱు వచ్చి చేరిరి. లలితగారు 1943లో చదువు ముగించిరి. పట్టములపై "అతడు" అను నర్థము నిచ్చు ఆంగ్లపదము అదివఱకే అచ్చయియుండుటచే, దానిని కొట్టివేసి "ఆమె" అని వ్రాయవలసి వచ్చెను. ఆ ముగ్గురిలో త్రేసియాగారు 1971లో కేరళ రాష్ట్ర పబ్లిక్ వర్క్సు శాఖకు చీఫ్ ఇంజనీరైరి.

లలితగారు జమాల్పూరు రైల్వే కర్మాగారమున పని నేర్చి, సిమ్లాలో ప్రభుత్వోద్యోగము చేసి, కొంతకాలము తండ్రికి పరిశోధనలలో తోడ్పడిరి. (విద్యుచ్ఛక్తిచే మ్రోగు సంగీతవాద్య మొకటి ఆయన నిర్మించిన వానిలో నున్నది. శాస్త్రమును కళయును పరస్పర విరోధులని తలంచువారు గమనింతురు గాక.) పిదప 1948లో కలకత్తాలోని అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీసులో చేరి, విద్యుత్ప్రసార మార్గములకు, సబ్‌స్టేషనులకు నమూనాలు సిద్ధపఱచిరి. భాక్రా నంగల్ ఆనకట్టయొక్క విద్యుద్యంత్రముల పనిలోను వారి చేయి గలదు. 1964లో న్యూయార్కున జరిగిన స్త్రీ ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల అంతర్జాతీయ సభకు పోయి వచ్చిరి. 1977లో విరమించి, 1979లో దివంగతులైరి. ఇంచుమించు ముప్పదియేండ్ల యుద్యోగము! ఆ పట్టము బీరువాలో నుండలేదు.

శక్తి యుండినంతమాత్రమున ద్వారములు తమంత తెఱచుకొనవు. కమలా సోహోనీగారు 1933లో బెంగుళూరు విజ్ఞానమందిరమునకు దరఖాస్తు పెట్టగా, అచ్చటి అధిపతి సర్ సి. వి. రామనుగారు స్త్రీ యను కారణముననే మొదట నిరాకరించిరి. ఆమె పట్టు వదలనందున ఒక సంవత్సరము పరీక్షార్థముగా చేర్చుకొనిరి. ఆమె 1939లో కేంబ్రిడ్జిలో డాక్టరు పట్టము నందినది. అంతటి మహాశాస్త్రజ్ఞునకే ఇట్టి పొరపాటు తటస్థించినప్పుడు, సామాన్యులమగు మనము మన నిశ్చయములను మఱల తరచి చూచుకొనుటలో తప్పేమున్నది?

ఇక కళలు, సాహిత్యము. వీనియెడ మనవారి యుపేక్ష మఱింత యెక్కువ. లెక్కలు రాని పిల్లలకు ఇవి ఆశ్రయస్థానములని పలువురి యభిప్రాయము. నాకది సమ్మతము కాదు. భండారు అచ్చమాంబగారు బడికి పోయి యెఱుగరు. తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు చదువుకొనుచుండగా తానును ప్రక్కన కూర్చుండి నేర్చుకొని, స్త్రీల చరిత్రలను సేకరించి "అబలా సచ్చరిత్ర రత్నమాల"ను రచించిరి. 1905లో గతించునాటికి వారికి ముప్పదియొక యేండ్లైనను మించి యుండవు. రాజమహేంద్రవరమున దామెర్ల రామారావుగారి పేరు వినని వారుండరు. ఆయన సోదరి బుచ్చికృష్ణమ్మగారును, భార్య సత్యవాణిగారును చిత్రలేఖకులే యని యెందఱకు తెలియును?

తలిదండ్రుల భయములు నేను తేలికగా త్రోసివేయను. కళాశాల దూరము, చివరి బస్సు తప్పిన దిక్కు లేదు, ఫీజులు, కట్నము ఒకే సంచిలోనుండి రావలెను. ఈ చివరి మాటయందే నా వాదము. కట్నమునకై కూడబెట్టుచున్న ధనములో కొంత హాస్టలునకు వెచ్చించిన తండ్రి కుమార్తెకు నష్టము చేసినవాడు కాడు. ప్రతి ఆదివారమును మనము వినుచున్న తలాంతుల యుపమానములో, దానిని భూమిలో పాతిపెట్టినవాడు దొంగ కాడు; భయస్థుడు మాత్రమే.

ఉపాధ్యాయులతో నొక మాట. మన ప్రయోగశాలలో నిలువబడి చూడుడు. నలుగురేసి పిల్లల జట్టులో బ్యూరెట్టు పట్టుకొనునది బాలుడు. అంకెలు నోటుపుస్తకమున అందముగా వ్రాయునది బాలిక. ఎవ్వరును ఆజ్ఞాపింపలేదు, అట్లే జరుగుచున్నది. చిత్రలేఖనపు గంట పరీక్షల కాలమున గణితమునకు బదలాయింపబడుటయు ఇట్లే. రాబోవు జూనునుండి వారమువారమునకు జట్టులో పనులు మారవలయును. బ్యూరెట్టు పగిలినచో వెల కట్టుకొందము.