నాలుగు ఆటలకే తీర్పా?

"మొదటి నాలుగు ఆటల్లో మూడు ఓడారక్కా. ఈ ఏడు వీళ్ల పని ఇంతే, వాణ్ణి మానేయమంటున్నా" అంది మా చెల్లి ఫోన్లో. వాళ్లుండేది మసాచుసెట్స్. కొడుకు అక్కడి చిన్న కాలేజీలో బేస్‌బాల్ ఆడతాడు.

నాకైతే ఆ జోస్యం తొందరపాటే అనిపించింది. మార్చి మొదట్లో అక్కడింకా చలి, మంచు. జట్లు లోపలే ప్రాక్టీసు చేసుకుని, మొదటి ఆటలకు ఫ్లోరిడా లాంటి వెచ్చటి చోట్లకు వెళతాయి. అప్పటికే ఎండలో ఆడుతున్నవాళ్ల చేతిలో ఓడితే వింతేముంది? అసలు లెక్క తర్వాత వచ్చే కాన్ఫరెన్స్ ఆటల్లో తేలుతుంది.

చిన్న కాలేజీలని చులకనా వద్దు. 1859లో తొలి కాలేజీ బేస్‌బాల్ ఆట ఆడింది ఆ రాష్ట్రపు ఆమ్‌హర్స్ట్, విలియమ్స్ కాలేజీలే. అవి ఇప్పుడున్న డివిజన్ త్రీలో ఆటకు స్కాలర్‌షిప్పు ఇవ్వరు. పిల్లలు ఇష్టంకొద్దీ ఆడతారు.

మొదటి యూనిట్ టెస్టు మార్కులు చూసి మనమెప్పుడైనా బడి మానిపించామా?