ఇటలీ ఫీజు మాఫీ: సంతకం పిల్లలది, జరిమానా కూడా వాళ్లదే

ఇటలీ విశ్వవిద్యాలయాల ఫీజు మాఫీకీ స్కాలర్‌షిప్పుకీ కాగితాలు సర్దుకునే రోజులివి. ఈ హడావిడిలో మన ఇళ్లలో ఒక పెద్ద తప్పు జరిగిపోతోంది. కొడుకో కూతురో వచ్చి, "నాన్నా, కన్సల్టెన్సీవాళ్లు ఆదాయం సర్టిఫికెట్ తక్కువకు తీయించమంటున్నారు" అంటే ఆ తండ్రి మారుమాట లేకుండా మీ సేవకు బయల్దేరుతున్నాడు. దయచేసి ఆగండి. ఇప్పటికే తెచ్చి ఉంటే, ఆ కాగితం పంపకండి.

"ఇటలీలో చదువు ఫ్రీ, పైగా ఏడాదికి ఏడు లక్షలు చేతికి" అన్న ప్రచారం పూర్తి అబద్ధమైతే ఇంత రాయాల్సిన పని ఉండేది కాదు. అందులో నిజం ఉంది. ప్రతిభ ఉన్న విద్యార్థికి డబ్బు లేకపోయినా పై చదువుల చివరి మెట్టు దాకా వెళ్లే హక్కుందని ఆ దేశ రాజ్యాంగం 34వ అధికరణం చెబుతుంది. ఆ హక్కును నిలబెట్టడానికి ప్రాంతానికొక విద్యార్థి సహాయ సంస్థ పనిచేస్తుంది. టురిన్ వైపు ఎడిసు, బొలోన్యా వైపు ఎర్గో, రోమ్‌లో లాట్సియో డిస్కో, పీసా, ఫ్లోరెన్స్‌లలో డీఎస్‌యూ టస్కనీ. మన పిల్లలు అన్నిటినీ కలిపి డీఎస్‌యూ అనేస్తారు. కుటుంబ ఆర్థిక స్థితి ఒక హద్దు లోపల ఉంటే ట్యూషన్ ఫీజు రద్దవుతుంది. ఇల్లు వదిలి వచ్చి చదివేవారికి ఏడాదికి సుమారు 7 వేల యూరోల వరకు స్కాలర్‌షిప్ వస్తుంది. హాస్టల్ గది తీసుకుంటే దాని విలువ అందులోంచి మినహాయిస్తారు. ఇదంతా ఇటలీ పిల్లలతో పాటు బయటి దేశాల పిల్లలకూ వర్తిస్తుంది. మన దగ్గర నుంచి వెళ్లే సామాన్య కుటుంబాల పిల్లలకు ఇంతకంటే మంచి అవకాశం దొరకడం కష్టం. దాన్ని చేజేతులా పాడుచేసుకుంటున్నామన్నదే నా బాధ.

ఆర్థిక స్థితిని కొలిచే అంకెను ఐఎస్‌ఈఈ అంటారు. ఆ లెక్క ఎలా కడతారో కాస్త ఓపికగా చూడండి. ఇంట్లోవాళ్ల ఏడాది ఆదాయం తీసుకుని, దానికి ఆస్తుల విలువలో అయిదో వంతు కలుపుతారు. ఇటలీ బయట ఉన్న ఇంటికి మార్కెట్ ధరతో పని లేదు, చదరపు మీటరుకు 500 యూరోల చొప్పున కడతారు. వచ్చిన మొత్తాన్ని ఇంట్లో ఎందరున్నారన్న దాన్ని బట్టి ఒక సంఖ్యతో భాగిస్తారు. నలుగురున్న ఇంటికి ఆ సంఖ్య 2.46.

హైదరాబాదులో 120 చదరపు మీటర్ల సొంత ఫ్లాటు, ఏడాదికి 10 లక్షల సంపాదన, ఇద్దరు పిల్లలు ఉన్న ఇల్లు అనుకుందాం. సంపాదన రమారమి 11 వేల యూరోలు. ఫ్లాటు 60 వేల యూరోలు, అందులో అయిదో వంతు 12 వేలు. రెండూ కలిపి 23 వేలు. 2.46తో భాగిస్తే 9,350 దగ్గర తేలుతుంది. 2024-25లో స్కాలర్‌షిప్పుకు దేశం మొత్తం మీద పెట్టిన గరిష్ఠ హద్దు 27,726 యూరోలు. అంటే పది లక్షల ఆదాయాన్ని ఉన్నదున్నట్టు చూపించిన కుటుంబం ఆ హద్దులో మూడో వంతు దగ్గరే ఉంది! ఆస్తికి విడిగా ఉండే హద్దు కూడా ఈ ఇంటికి దూరమే. బ్యాంకు నిల్వలు కలిపి చూసినా చాలా ఇళ్లు లోపలే ఉంటాయి.

మరి ఆదాయం తగ్గించమని ఏజెంటు ఎందుకంటాడు? నిధులు చాలని చోట తక్కువ అంకె ఉన్నవారికి ముందు దక్కే పద్ధతి కొన్ని ప్రాంతాల్లో ఉంది, అది ఒక కారణం. అసలు కారణం వేరని నా నమ్మకం. ఈ లెక్క అతను ఎప్పుడూ కట్టి చూడడు. అందరికీ ఒకే రకం కాగితం తయారుచేయడం అతనికి తేలిక.

మన వైపు అలవాటు కూడా దీనికి తోడైంది. 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చిన దగ్గర్నుంచి ఆదాయం సర్టిఫికెట్ అంటే కాలేజీ ఫైల్లో పెట్టాల్సిన ఒక లాంఛనం అనుకునే ఇళ్లు చాలా ఉన్నాయి. అందులో ఉన్న అంకెకూ ఇంట్లో నడిచే ఖర్చుకూ పొంతన లేకపోయినా ఎవరూ అడగలేదు. ఇటలీలో అడుగుతారు. 2012 నాటి వాళ్ల 68వ నంబరు శాసనాదేశం 10వ అధికరణంలో ఈ సంగతి స్పష్టంగా ఉంది: తన గురించి గానీ కుటుంబ సభ్యుల గురించి గానీ అబద్ధం చెప్పి సాయం పొందినవారు, తీసుకున్న మొత్తానికి మూడింతలు జరిమానా కట్టాలి. ఆ కోర్సు పూర్తయ్యేదాకా మళ్లీ ఏ సాయమూ అందదు. క్రిమినల్ కేసు పడితే అది వీటికి అదనం. 7 వేల యూరోలు తీసుకున్న అమ్మాయి 21 వేలు కట్టాలన్న మాట. మన లెక్కలో దాదాపు 20 లక్షలు. ఆ నోటీసు కన్సల్టెన్సీ ఆఫీసుకు రాదు, ఆ అమ్మాయి పేరు మీద వస్తుంది.

అబద్ధం ఎలా బయటపడుతుందో చెబుతాను. ఒకే ఏడాది ఒకే ఇంటి నుంచి మూడు చోట్లకు కాగితాలు వెళతాయి. విద్యా రుణం కోసం బ్యాంకుకు ఐటీ రిటర్నులు ఇస్తారు, అందులో ఆదాయం బాగానే ఉంటుంది, లేకపోతే రుణం రాదు. వీసా కోసం ఖాతాలో డబ్బు చూపిస్తారు. 2024-25లో ఏడాదికి 6,947 యూరోలు చూపించాల్సి వచ్చింది. డీఎస్‌యూకు మాత్రం తండ్రి ఆదాయం ఏడాదికి లక్ష అని వెళుతుంది. ఏడాదికి లక్ష సంపాదించే ఇంటి ఖాతాలో ఆరేడు లక్షలు ఎక్కడివన్న ప్రశ్న రావడానికి పెద్ద దర్యాప్తు అక్కర్లేదు, రెండు కాగితాలు పక్కపక్కన పెడితే చాలు. "అపోస్టిల్ అయిపోయిందండీ, ఇక భయం లేదు" అని కొందరు ధైర్యం చెబుతారు. విదేశాంగ శాఖ వేసే ఆ ముద్ర కాగితం మీదున్న సంతకం, సీలు అసలైనవని మాత్రమే చెబుతుంది. లోపల రాసిన అంకె నిజమని చెప్పదు.

కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ యూనివర్సిటీ సంగతి తెలుగువాళ్లు మరచిపోకూడదు. 2011 జనవరిలో అధికారులు దాన్ని మూయించినప్పుడు చిక్కుకున్న విద్యార్థుల్లో ఎక్కువమంది అప్పటి ఆంధ్రప్రదేశ్ పిల్లలు. వాళ్లలో కొందరి కాళ్లకు నిఘా పరికరాలు తగిలించారు. అది వీసా మోసం, ఇది ఆదాయం కాగితం, రెండూ ఒకటి కావు. కానీ "అందరూ ఇలాగే చేస్తున్నారు, ఏం కాదు" అని అప్పుడు చెప్పిన గొంతునే ఇప్పుడు మళ్లీ వింటున్నాను.

ఇంతవరకు చెప్పింది ఆదాయం గురించి. నిజాయతీగా మాఫీ పొందిన పిల్లలు కూడా దెబ్బ తినే చోటు ఇంకొకటి ఉంది, దాని గురించి ఏ సెమినార్లోనూ గట్టిగా చెప్పరు. మొదటి ఏడాది ఈ సాయం దక్కేది దరఖాస్తు బలం మీద. నిలిచేది పరీక్షల మీద. చాలా ప్రాంతాల్లో మొదటి ఏడాది విద్యార్థి ఆగస్టు 10 నాటికి 20 క్రెడిట్లు తెచ్చుకోవాలి. ఒక్కో సబ్జెక్టుకు 6, 9, 12 క్రెడిట్లు ఉంటాయి కనుక రెండు నుంచి నాలుగు పరీక్షలు పాసవ్వాలి. ఆ తేదీ తప్పితే నవంబరు 30 వరకు ఇంకొక అవకాశం ఉంటుంది. అప్పటికీ రాకపోతే స్కాలర్‌షిప్ రద్దు. అంతటితో పోదు, తీసుకున్న డబ్బు, ఉన్న హాస్టల్ గది విలువ, తిన్న భోజనం విలువ అన్నీ వెనక్కి కట్టమంటారు. మాఫీ అయిన ఫీజూ మళ్లీ మెడకు చుట్టుకుంటుంది.

ఇరవై క్రెడిట్లు పెద్ద కష్టమా అని ఇక్కడ కూర్చుని అనుకోవచ్చు. అక్కడ తరగతులు సెప్టెంబరులోనో అక్టోబరు మొదట్లోనో మొదలైపోతాయి. వీసా ఆలస్యమై నవంబరులోనో డిసెంబరులోనో దిగినవాడికి జనవరి, ఫిబ్రవరి పరీక్షలు అందవు. ఇక మిగిలేది జూన్, జూలై పరీక్షలు. చాలా సబ్జెక్టుల్లో ప్రొఫెసర్ ఎదురుగా కూర్చుని నోటితో జవాబు చెప్పాలి, మన పిల్లలకు అది అలవాటు లేని విద్య. పైగా ఇంటికి డబ్బు పంపాలని హోటల్లో అర్ధరాత్రి దాకా గిన్నెలు కడుగుతుంటే చదివేదెప్పుడు? అమ్మానాన్నలకు నా మనవి ఒక్కటే. మొదటి ఏడాది పిల్లల నుంచి ఒక్క రూపాయి ఆశించకండి. వాళ్ల సంపాదన ఆ ఇరవై క్రెడిట్లే.

చేతిలో కొంత డబ్బు లేకుండా కూడా పంపకండి. మొదటి వాయిదా విమానం దిగిన రోజే ఖాతాలో పడదు, నెలలు పడుతుంది. అర్హుల జాబితాలో పేరుండి, నిధులు చాలక సొమ్ము అందనివాళ్లూ ఉంటారు. వాళ్లకు ఫీజు మాఫీ అవుతుంది గానీ అద్దె, తిండి సొంతంగా చూసుకోవాలి. "స్కాలర్‌షిప్ గ్యారంటీ" అని రాసిచ్చే అధికారం ఏ కన్సల్టెన్సీకీ లేదు. స్కాలర్‌షిప్ వచ్చాక అందులో ఇంత వాటా ఇవ్వాలని ఒప్పంద పత్రం ముందు పెడితే, అక్కడినుంచి లేచి వచ్చేయండి.

ఇటలీ వద్దు, ఇంకో దేశం చూసుకుంటామనేవారు కూడా పాత సమాచారంతో పోకండి. నార్వే ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో 2023 శరత్కాలం నుంచి యూరప్ బయటి విద్యార్థులకు ఫీజు పెట్టారు. జర్మనీలో బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రం 2017 నుంచి సెమిస్టరుకు 1,500 యూరోలు తీసుకుంటోంది. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం 2024-25 శీతాకాలం నుంచి మాస్టర్స్‌కు కోర్సును బట్టి సెమిస్టరుకు 4 వేలో 6 వేలో యూరోలు పెట్టింది. రెండేళ్ల కిందట వెళ్లిన అన్నయ్య చెప్పిన మాట ఈ ఏడాది చెల్లకపోవచ్చు. ఆ ఏడాది ప్రకటన సొంత కళ్లతో చదవాలి.

కన్సల్టెన్సీల్లో అందరూ మోసగాళ్లని నేను అనను. కానీ చాలాచోట్ల విద్యార్థి పేరు మీద దరఖాస్తు ఖాతా తెరిచేది వాళ్లు, ఈమెయిల్ వాళ్లది, పాస్‌వర్డ్ వాళ్లది. లోపల ఏం రాశారో విద్యార్థికే తెలియదు. ప్రకటనల అసలు పాఠం ఇటాలియన్‌లో ఉంటుంది కనుక చదివే ప్రయత్నం కూడా చేయరు. ఫోన్లోని అనువాద యాప్‌తో అర్థమైనంత చదవండి. అర్థం కానిది ఆ సహాయ సంస్థకే ఇంగ్లీషులో మెయిల్ పెట్టి అడగండి. తండ్రి ఐటీ రిటర్ను, జీతం కాగితం, బ్యాంకు నిల్వల పత్రం, ఇంటి కొలతలు ఒక్క ఫైల్లో పెట్టి, బ్యాంకుకైనా వీసా కేంద్రానికైనా డీఎస్‌యూకైనా అవే ఇవ్వండి. ఎప్పటి ఆదాయం అడిగారో చూసుకోండి. సాధారణంగా అది రెండేళ్ల కిందటి క్యాలెండరు ఏడాది, మన ఏప్రిల్-మార్చి లెక్క కాదు.

ఇప్పటికే దరఖాస్తు పెట్టినవాళ్లు ఈ రాత్రే ఆ పాస్‌వర్డ్ అడిగి తీసుకోండి. ఇవ్వనంటే ఆ సహాయ సంస్థకు మీ పాస్‌పోర్ట్ కాపీ జతచేసి, నా ఖాతా నాకు కావాలని రాయండి. తెరిచాక ఆదాయం రాసిన పేజీకి వెళ్లి, నాన్నను పక్కన కూర్చోబెట్టుకుని ఆ అంకె చూడండి. అది ఆయన సంపాదన కాకపోతే, గడువు ముగిసేలోపు సరిచేయండి.