కోత నాలుగు గంటలే

గుండె కవాటం మార్చడానికి ఎంతసేపని అడిగితే సర్జన్ మూడు నాలుగు గంటలంటారు. ఆపైన ఐసీయూలో ఒకటి రెండు రోజులు, వార్డులో ఓ వారం, కోసిన ఛాతీ ఎముక అతుక్కోవడానికి రెండు మూడు నెలలు. అరకు కొండల్లోని కుటుంబానికి అసలు కాలం ఆ తర్వాతే మొదలవుతుంది. లోహపు కవాటం పెట్టించుకున్నవారు బతికినంతకాలం రక్తం గడ్డకట్టకుండా మాత్ర వేసుకోవాలి. మోతాదు తగ్గితే కవాటం మూసుకుపోవచ్చు, పెరిగితే రక్తస్రావం; పెళ్లయిన అమ్మాయి నెల తప్పితే ఆ మాత్రే కడుపులో బిడ్డకు ప్రమాదం. అందుకే రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతోందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష, మోతాదు కుదురుకున్నాక కూడా, దాదాపు నెలనెలా చేయించాలి. ఇంకా రోగులను డోలీల్లో మోస్తున్న గూడేల నుంచి, నూరు కిలోమీటర్లు దాటి విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రికి ఈ పరీక్ష కోసం రావాలంటే ఇద్దరి కూలి పోతుంది, దారిఖర్చు అదనం. కోతకు ప్రభుత్వం డబ్బు కడుతోంది, అది గొప్ప మేలే. మరి వేలి నుంచి తీసిన రక్తపు చుక్కతో ఐఎన్ఆర్ చూసే చేతియంత్రం ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఎందుకు ఉండకూడదు? అసలు కవాటం చెడకుండా చూడటమూ ముఖ్యమే. చికిత్స అందని కొన్ని గొంతునొప్పులు కీళ్లవాత జ్వరానికి దారితీసి కవాటాన్ని దెబ్బతీస్తాయి కాబట్టి, ఆ జ్వరం ఒకసారి వచ్చిన పిల్లలకు మూడు వారాలకోసారి పెన్సిలిన్ సూదిమందు ఆశ్రమ పాఠశాలలోనే అందాలి, సెలవుల్లో ఊరికెళ్లినప్పుడూ తప్పకూడదు.