ఆకాశం విశాలమే, రన్‌వే చుట్టూ ఇరుకు

ఒంగోలుకు విమానాశ్రయం వస్తుందన్న కబురు పుట్టిన దగ్గర్నుంచి మా వేటపాలెం, చీరాల వైపు నలుగురు చేరినచోటల్లా ఒకటే లెక్క. భూమి ఎన్ని ఎకరాలు, రన్‌వే ఎంత పొడవు, సెంటు ఎంతకు పోతుంది? ఎవరైనా భద్రత సంగతెత్తితే జవాబు సిద్ధంగా ఉంటుంది: ‘వచ్చేవి చిన్న విమానాలు, అవీ రోజుకు నాలుగు. ఇంత ఆకాశంలో ఎక్కడ గుద్దుకుంటాయండీ?’ మాట్లాడే నాయకులదీ ఇదే ధీమా, వినే జనానిదీ ఇదే. ఈ ధీమాకు ఆధారం లేదు. విమానం చిన్నదైనంత మాత్రాన, రాకపోకలు తక్కువైనంత మాత్రాన విమానాలకు దారి చెప్పే కంట్రోలర్ పని తేలికైపోదు. చాలాసార్లు పెరుగుతుంది.

ఆకాశం ఎంత విశాలమైనా అందరూ దిగాల్సింది ఒక్క రన్‌వే మీదే. శిక్షణ విమానం సెస్నా ఒకటి దిగడానికి వస్తోందనుకోండి. రన్‌వే ఇంకా 5 నాటికల్ మైళ్లు, వేగం 60 నాట్లు. చేరడానికి 5 నిమిషాలు. దాని వెనక, రన్‌వేకు 10 మైళ్ల దూరంలో ఎయిర్‌బస్, వేగం 140 నాట్లు. మధ్యన 5 మైళ్ల ఎడం ఉంది కదా అని మనం నిశ్చింతగా ఉంటాం. కానీ ఎయిర్‌బస్ 4 నిమిషాల 20 సెకన్లలోపే రన్‌వే చేరుతుంది. అంటే దారిలోనే సెస్నాను అందుకుంటుంది. కంట్రోలర్ ఈ లెక్క ముందే కట్టి, సెస్నాను పక్కకు తప్పించి ఒక చుట్టు తిరగమనాలి. అందులో ఉన్నది మొన్నమొన్ననే ఒంటరిగా ఎగరడం మొదలుపెట్టిన కుర్రాడైతే, చెప్పింది అర్థమైందో లేదో తిరిగి చెప్పించుకుని మరీ సరిచూడాలి. ఎయిర్‌బస్ దిగిన వెంటనే అతన్ని దింపకూడదు కూడా. పెద్ద విమానం రెక్కల వెనక లేచే సుడిగాలి చిన్నదాన్ని తిరగేసే ప్రమాదం ఉంది కనుక 3 నిమిషాలు ఎడం ఇవ్వాలి. వచ్చేవి రెండూ ఎయిర్‌బస్‌లే అయితే ఈ తతంగంలో సగం ఉండదు. చిన్నదీ పెద్దదీ కలిసిన చోటే కంట్రోలర్ బుర్రకు పని.

‘రద్దీ లేదు కదా’ అన్నది రెండో మాట. 2002 జులై 1 రాత్రి జ్యూరిక్ కంట్రోల్ గదిలోనూ రద్దీ లేదు. అందుకే ఒక కంట్రోలర్ విశ్రాంతికి వెళ్తే రెండో ఆయన ఒక్కడే రెండు స్క్రీన్లు చూసుకున్నాడు. ఆలస్యంగా వచ్చిన ఒక విమానాన్ని వేరే ఊళ్లో దింపడానికి ఫోన్ చెయ్యబోతే మరమ్మతుల వల్ల లైను కలవలేదు. ఆయన దృష్టి అటుండగా జర్మనీలోని యూబర్‌లింగెన్ మీద రెండు విమానాలు ఢీకొన్నాయి. చనిపోయిన 71 మందిలో ఎక్కువమంది బడిపిల్లలు. 2025 జనవరి 29న వాషింగ్టన్‌లో విమానం, హెలికాప్టర్ ఢీకొని 67 మంది పోయిన రాత్రి కూడా హెలికాప్టర్ల పనీ విమానాల పనీ ఒక్క కంట్రోలర్ మీదే పెట్టారు. రోజుకు ఎన్ని విమానాలు వస్తున్నాయని అడిగితే చాలదు. ఒకేసారి రెండు వచ్చిన నిమిషంలో ఆ గదిలో ఎంతమంది ఉన్నారని అడగాలి.

‘పైలట్‌కు కళ్లు లేవా?’ అంటారు ఇంకొందరు. 1978 సెప్టెంబర్ 25న శాన్‌డియాగోలో జెట్ విమానం పైలట్లు ముందున్న సెస్నా కనపడుతోందనే చెప్పారు. తర్వాత అది చూపు తప్పింది. రెండూ ఢీకొని, కింద ఇళ్లలో ఉన్నవాళ్లతో కలిపి 144 మంది చనిపోయారు.

చివరి అస్త్రం యంత్రం. 1996 నవంబర్ 12న చర్ఖీ దాద్రీలో రెండు విమానాలు ఢీకొని 349 మంది బలైన తర్వాత మన దేశం పెద్ద విమానాల్లో టీకాస్‌ను తప్పనిసరి చేసిన మాట నిజం. ఎదురుపడే విమానాల్ని పసిగట్టి ‘పైకి వెళ్లు, కిందికి దిగు’ అని చెప్పే ఆ యంత్రం ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది. అయితే భూమికి సుమారు 1000 అడుగుల లోపు అది ఆ ఆదేశాలు ఇవ్వదు. శిక్షణ విమానాలు రన్‌వే చుట్టూ సర్క్యూట్లు కొట్టేది ఇంచుమించు ఆ ఎత్తులోనే. రెండు సీట్ల శిక్షణ విమానాల్లో సాధారణంగా ఆ యంత్రమే ఉండదు. స్వీడన్ 2015లో కెమెరాలతో దూరం నుంచే టవర్ నడపడం మొదలుపెట్టిందిగా అంటే, అక్కడ కూడా స్క్రీన్ ముందు కూర్చున్నది కంట్రోలరే. మారింది కుర్చీ ఉన్న ఊరు.

మన ఆకాశం ఖాళీ అన్న మాట కూడా నిలవదు. మాకు ఈశాన్యాన సూర్యలంక వైమానిక స్థావరం, అక్కడ క్షిపణి ప్రయోగాలు జరుగుతాయి. పడమట కొరిశపాడు, రేణంగివరం మధ్య జాతీయ రహదారి మీద అత్యవసర రన్‌వే. నైరుతిన ఒంగోలు. ఎగువన నాగార్జునసాగర్‌కూ విమానాశ్రయ ప్రతిపాదన ఉంది. 2024 నవంబర్ 9న విజయవాడ నుంచి శ్రీశైలానికి సీప్లేన్ ఎగిరి చూపించింది కూడా. ఇవన్నీ కలిసి నడిచిన రోజున ఒంగోలు టవర్‌లో కూర్చున్న మనిషి ఎదుట ఉన్న విమానంతో మాట్లాడుతూనే వైమానిక దళంతోనూ చెన్నైతోనూ విజయవాడతోనూ మాట కలపాలి. 2022 డిసెంబర్ 29న హైవే రన్‌వే మీద యుద్ధ విమానాల ట్రయల్ చేసినప్పుడు వాహనాల్ని మళ్లించారు. రోడ్డు వెడల్పుగానే ఉంది, లారీల్ని పక్కగా పోనిద్దాం అని ఎవరూ అనలేదు. నేల మీద ఒప్పుకున్న జాగ్రత్త గాలిలో ఎందుకు చాదస్తం అవుతుంది?

కంట్రోలర్లు దొరక్కపోతారా అనుకోవడానికీ లేదు. దేశంలో వాళ్ల కొరతనూ అలసటనూ 2025 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘమే ఎత్తిచూపింది. శిక్షణ పొందినా, ఏ టవర్‌లో పనిచేస్తారో అక్కడి అర్హత, అంటే రేటింగ్, తెచ్చుకోవాలి. హైదరాబాద్ నుంచి ఒకర్ని రప్పించి మర్నాడే ఒంగోలులో మైకు చేతికివ్వలేరు. ఖర్చు భరించలేమంటారా? బ్రిటన్‌లో కంట్రోలర్ 2 గంటలు పనిచేస్తే అరగంట విరామం తప్పనిసరి. ఆ లెక్కన టవర్ నడపలేని ఊరు విమానాశ్రయాన్ని కూడా భరించలేదని అర్థం.

కేంద్ర విమానయాన మంత్రి మన తెలుగువారే. ఆయన్ని అడగాల్సినవి స్పష్టంగా అడుగుదాం. ఒంగోలు సాధ్యాసాధ్యాల నివేదికలో ఎకరాల పక్కనే కంట్రోలర్ల సంఖ్య రాయండి. ఒక్కో షిఫ్టుకు ఎందరు, విరామంలో ఎవరు కూర్చుంటారు, సూర్యలంకతో సమన్వయం ఎవరిది, రేటింగ్ ఎప్పటికి పూర్తవుతుంది? వీటికి జవాబు లేకుండా శంకుస్థాపనకు వచ్చే నాయకుడికి మన ఊళ్లు దండ వెయ్యక్కర్లేదు.