ప్రింట్ చేసిన కన్ను వస్తుందని నేత్రదానం మానవద్దు



ఈ మధ్య నాచారంలో ఒక పెద్దావిడ చనిపోతే పలకరించడానికి వెళ్ళాను. తన కళ్ళు దానం చేయాలని ఆమె బ్రతికుండగానే ఇంట్లో చెప్పింది. ఆ మాట గుర్తు చేస్తే మనవడు, "ఇప్పుడు కళ్ళు కూడా మిషన్ మీద ప్రింట్ చేస్తున్నారట కదా సిస్టర్, ఇంక అమ్మమ్మ కళ్ళెందుకు?" అన్నాడు. ఏమి చేయాలో తేల్చుకునేలోపే సమయం దాటిపోయింది. ఆ బాధతోనే ఇది వ్రాస్తున్నాను.

ఆ అబ్బాయి అన్నది పూర్తిగా అబద్ధం కాదు. త్రీడీ ప్రింటింగ్ అంటే జంతికల గొట్టంలో పిండి వత్తినట్లు, కంప్యూటర్ చెప్పిన ఆకారంలో పొర మీద పొర వేయడం. సిరామిక్, అంటే పింగాణీ జాతి పదార్థంతో పంటి తొడుగులు, ఎముక ముక్కలు ఇలా చేస్తారు. వాటిని కుండల్లాగే కాల్చాలి. కాల్చినప్పుడు కుంచించుకుపోతాయి గనుక ముందే కొంచెం పెద్దవిగా వేస్తారు. మన వార్డులో మూత్రపు గొట్టాలకు వాడే మెత్తని సిలికాన్ ఇంకా కష్టం. గట్టిపడేలోపే జారిపోతుంది గనుక దాన్ని జెల్ మధ్యలో వేసి నిలబెడుతున్నారు.

అయితే పింగాణీ పన్నుకు ప్రాణం అక్కరలేదు. కంటి పొర మాత్రం బ్రతికి ఉండాలి, అద్దంలా తేటగానూ ఉండాలి.

2022 ఆగస్టులో ఎల్.వి. ప్రసాద్ నేత్ర సంస్థ, ఐఐటీ హైదరాబాద్, మన ఉప్పల్ రోడ్డులోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు కలిసి కార్నియాను ప్రింట్ చేసి కుందేలు కంటిలో అమర్చినట్లు ప్రకటించారు. అది మనకు గర్వకారణమే. కాని వారు ప్రింట్ చేసింది మొత్తం కన్ను కాదు, నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర మాత్రమే. కుందేలు నుండి మనిషి వరకు ఎన్నో పరీక్షలు దాటాలి.

అన్నిటికన్నా ముఖ్యం, ఆ మిషన్‌లో పోసిన ఇంకు ఎక్కడిది? మనుషులు దానం చేసిన కళ్ళలో, ఆపరేషన్‌కు పనికిరాని కార్నియాల నుండి తయారు చేసినదే. దానికి మనిషి కంటి మూలకణాలను కలిపారు. అంటే దానం ఆగితే ఈ పరిశోధన కూడా ఆగుతుంది.

కాబట్టి నా మనవి ఒక్కటే. ఇంట్లో ఎవరైనా కన్నుమూస్తే వెంటనే ఐ బ్యాంకుకు ఫోన్ చేయండి. ఆరు గంటలలోపు కార్నియా తీయాలి. అంతవరకు రెప్పలు మూసి, తడి దూది వేసి, ఫ్యాన్ ఆపి, తల క్రింద దిండు పెట్టండి. ముఖం వికారం కాదు. కళ్ళజోడు ఉన్నవారు, శుక్లం ఆపరేషన్ అయినవారు, షుగర్, బీపీ ఉన్నవారు కూడా ఇవ్వవచ్చు.

చివరికి ఒప్పుకోవలసింది ఇంట్లోవారే. అందుకే ఈ మాట దుఃఖ సమయానికి వదలక, ఈ రాత్రి భోజనాల దగ్గరే మాట్లాడుకోండి.

- నర్సింగ్ సూపరింటెండెంట్